మోటర్‌తో పాటు నడిచిన లాంతరు

ఈ సాయంత్రం ఫలక్‌నుమాలో మా డాబా మీద టెలిస్కోప్ స్టాండుకు కొత్త మోటర్ బిగించాను. చుక్కలు పడమటికి జరిగే వేగంతోనే అది టెలిస్కోప్‌ను మెల్లగా తిప్పాలి. చుక్కలు ఇంకా పొడవలేదు కాబట్టి, మన నక్షత్రాల క్లబ్బు పద్ధతిలో ఏదైనా దీపానికి గురిపెట్టి చూద్దామనుకున్నాను. దీపం కదలదు, టెలిస్కోప్ కదులుతుంది. కాసేపటికి దీపం చూపులోంచి జారిపోతే మోటర్ పనిచేస్తున్నట్టే.

గల్లీ చివర దేవిడీ అనే పాత నవాబు బంగళా పై వరండాలో లాంతరు వెలుగు కనిపిస్తే దానికే గురిపెట్టాను. ఎంతసేపు చూసినా అది నడిమధ్యనే ఉంది. ఈ మోటర్ దండగ అని తిట్టుకుంటూ వంగి చూస్తే, పళ్ళచక్రం చక్కగా తిరుగుతోంది, దానితో పాటు టెలిస్కోపూ జరుగుతోంది!

పాలు పోయడానికి పైకొచ్చిన పక్కింటి మల్లేశ్‌కు చూపించాను.

"అన్నా, గా దేవిడీకి తాళమేసి మస్తు దినాలాయె. ఆడ లాంతరు ఎవ్వరు పట్టుకుంటరు?"

"ఎవరో మెల్లగ నడుస్తున్నరేమో."

"గింత మెల్లగ మనుషులు నడుస్తరానే? ముందుగాల మోటర్ బంద్ చెయ్యి."

ఆపాను. లాంతరు నిజంగా నడుస్తుంటే ఇప్పుడైనా పక్కకు జారిపోవాలి. ఇద్దరం మార్చి మార్చి చూశాం. జారలేదు. మోటర్‌తో పాటే అదీ ఆగిపోయింది.

మల్లేశ్ పాలచెంబు అక్కడే వదిలేసి దిగిపోయాడు.

రేపు ఈ కాగితం క్లబ్బు బోర్డుకు గుచ్చుతాను. కారణం తెలిసినవాళ్ళు కింద రాయండి. మోటర్ మళ్ళీ వేసి చూడమనేవాళ్ళు మాత్రం మా డాబా మీదికి వచ్చి, ఆ స్విచ్ మీరే వేయండి.