రంగు తగ్గించిన రాగిముద్ద

మాస్వింగో పట్నంలోని ముచేకే పేటలో రవీరో చేసినంత తెల్లటి సద్జా ముద్ద ఇంకెవరికీ రాదని పేరు. మొక్కజొన్న పిండి పొట్టంతా పోయి మెత్తగా ఉంటే తప్ప ఆమె పొయ్యి ఎక్కించేది కాదు. పేరంటే ఆమెకు ప్రాణం. అదే కొంప ముంచింది.

భర్త తగుమకు షుగరు వచ్చింది. పొట్టు తీయని రాగిపిండితో చిన్న ముద్ద, పక్కన ఆకుకూర ఎక్కువ పెట్టమని క్లినిక్కు నర్సు చెప్పింది. ఆ సంగతి తెలిసి తగుమ అక్క షువై, తన చేలో పండిన రాగులు బస్తాడు ఊరి నుంచి బస్సులో వేసుకొచ్చి ఇచ్చి వెళ్లింది.

వంటపొయ్యి నాలుగిళ్లకూ ఉమ్మడి వాకిట్లో ఉంది. మొదటి రోజే పక్కింటామె కుండలోకి తొంగి చూసింది.

"ఏం రవీరో, మొగుడికి మట్టి పిసికి పెడుతున్నావా?"

అందరూ నవ్వారు. రవీరోకి తల కొట్టేసినట్టయింది. మర్నాడు రాగిపిండిలో రెండు గుప్పెళ్ల తెల్లపిండి కలిపింది. నెల తిరిగేసరికి రాగిపిండే రెండు గుప్పెళ్లయింది, మిగతాదంతా తెలుపే.

షుగరు తగ్గకపోగా ఇంకా పెరిగింది. నర్సు తగుమను దులిపేసింది.

"చాటుగా తీపి టీ తాగుతున్నారా, పెద్దాయనా?"

"లేదు తల్లీ. మా ఆవిడ పెట్టింది తప్ప ఏదీ ముట్టలేదు."

ఆయన ఒట్టేస్తుంటే పక్కనే కూర్చున్న రవీరో తల దించుకుంది. సిగ్గుతో చచ్చిపోతోంది, అయినా నోరు విప్పలేదు. అంత పిరికిది.

ఆదివారం షువై మరో బస్తాతో దిగింది.

"ఇక తేవద్దక్కా. నీ రాగులు నాకు పడట్లేదు," అన్నాడు తగుమ.

షువై ముఖం చిన్నబోయింది. అప్పుడే రవీరో ఆనవాయితీ ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని, భోజనానికి ముందు ఆమె చేతుల మీద నీళ్లు పోస్తోంది. చెంబు కింద పెట్టేసింది.

"తప్పు రాగులది కాదు వదినా. నేనే తెల్లపిండి కలిపాను. మట్టి పెడుతున్నానని వాకిట్లో నవ్వారు."

షువై తడి చేతులు తుడుచుకోకుండా చూసింది. "వాడూ నేనూ ఆ మట్టి తినే పెరిగాం కదే. వాళ్లు నవ్వితే నా తమ్ముడి ఒళ్లు గుల్ల చేస్తావా?"

తగుమ తిట్టినా బాగుండేది.

"ముద్ద తెల్లగా కనిపిస్తే నా చూపే పోతోందనుకున్నాను," అన్నాడాయన. "చప్పగా ఉంటే రోగానికి నాలుక చచ్చిందనుకున్నాను. చెబితే నువ్వు నొచ్చుకుంటావని రోజూ బాగుందనే అన్నాను."