బంతిమడిలో ఏడు మొక్కలు

మూడేళ్ల కిందట, తొలకరి పడిన వారంలో, నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట మీదుగా కొండెక్కి ఆ ఊరికి మొదటిసారి వెళ్లాను. ముప్పై గడపలు కూడా లేని గూడెం. అప్పటికి ఉద్యాన పంటల ఫీల్డ్ అసిస్టెంట్‌గా నాకు తొమ్మిదేళ్ల సర్వీసు. గంజాయి మానేస్తామన్న రైతుల చేత వేరే పంట వేయించడం నా పని. మా ఆఫీసులో దాన్ని ‘ఆల్టర్నేట్ క్రాప్’ అంటారు. కాగితం మీద రెండు మాటలే.

ఆ ఊళ్లో సోమన్న మాటకు విలువుంది. యాభై దాటిన మనిషి. చుట్టుపక్కల గూడేలకు గంజాయి విత్తనం ఆయన ఇంటి నుంచే వెళ్లేది. ఏ మొక్క గింజ దాచుకోవాలో, దేన్ని వదిలేయాలో ఆయనే చెప్పాలి. మొదటి రోజు నేను అరుగు మీద కూర్చుని, ఇది నేరం, ఇన్నేళ్లు శిక్ష అని మొదలుపెడితే ఆయన నవ్వాడు.

“అయన్నీ ఎరికే మేడమ్. ఈ పంటలో పనేటుంటాదో మీకెరికా?”

“తెలీదు. చెప్పండి” అన్నాను.

“కార్తీకం ఎల్లకుండానే కింద నుంచి బేరగాళ్లు వొచ్చీసేవోరు. డిసెంబరాఖరికి సరుకు కావాలని. కొత్త సంవత్సరం పండగలకంట. ఆళ్లు ఆకు సూడరు, వాసన సూత్తారు. ఒకడికి నిమ్మ వాసనుండాల, ఇంకోడికి తడిమట్టి వాసనుండాల. ఏ సెక్క నేలలో ఏ గింజేత్తే ఏ వాసనొత్తాదో మా అయ్య సెప్పాడు. మిగతాది నాను సూసి నేర్సుకున్నాను.”

ఒక మొక్క గురించి అంత మురిపెంగా మాట్లాడిన రైతును నేను అంతకుముందు చూడలేదు. మానమని చెప్పడానికి వెళ్లినదాన్ని, గంటకు పైగా వింటూ కూర్చున్నాను.

ఆయన మానడానికి కారణం నేను కాదు, ఆయన భార్య చిలకమ్మ. సోమన్న తమ్ముడు గంజాయి మూట మోస్తూ దొరికి అప్పటికే జైల్లో ఉన్నాడు. ఈ యేడు గింజ పెడితే పుట్టింటికి పోతానని ఆవిడ తెగేసి చెప్పింది. నెలాఖరున సోమన్న విత్తనాల కుండలు మోసుకొచ్చి, ఊరంతా చూస్తుండగా మంటలో గుమ్మరించాడు. గింజలు చిటపటమంటుంటే మొహం అటు తిప్పుకున్నాడు.

నేను బంతి వేద్దామన్నాను. డిసెంబరులో క్రిస్మస్‌కి చర్చిలు, ధనుర్మాసానికి గుళ్లు, ముక్కోటికి ఉపమాక కోవెల, ఆ వెంటనే కొత్త సంవత్సరం. ఆ రోజులకు పువ్వు అందాలంటే రకం సరిగ్గా ఎంచుకోవాలి. ఐదు రకాల నారు ట్రేలు తీసుకెళ్లాను. నేను నోరు తెరవకముందే సోమన్న ఒక్కో మొక్క కాండం వేళ్ల మధ్య పట్టి చూసి రెండు ట్రేలు పక్కకు జరిపాడు.

“ఇదీ, ఇదీ. మిగతాయి మంచుకి ఆగవు.”

మా పైవాళ్లు రాసిచ్చిన కాగితంలోనూ ఆ రెండు రకాలే ఉన్నాయి. ఆయన పొలాన్ని ‘డెమో ప్లాట్’ చేశాం. అంటే, మిగతా రైతులను తీసుకొచ్చి చూపించే మడి.

నవంబరు చివర్లో వెళ్లేసరికి తోటంతా మొగ్గ మీదుంది. పొలం పైచెక్కలో రాతికట్టు దగ్గర సోమన్న వంగి ఏదో చూస్తున్నాడు. బంతి ఆకుల మధ్య కలిసిపోయి, మోకాలెత్తున, ఏడు గంజాయి మొక్కలు. పాత పంటలో రాలిన గింజ నేలలో ఉండిపోయి, వానకు తనంతట తానే మొలుస్తుంది. వీటిని మేం ‘వాలంటీర్ ప్లాంట్స్’ అంటాం. ఏ పొలంలోనైనా మామూలే.

“నాను ఎయ్యలేదు మేడమ్. ఒట్టు. ఇప్పుడే పీకేత్తాను.”

ఆయన చెయ్యి మొక్క మీద ఉంది. నేనే ఆపాను.

“వద్దు. మీ అంతట మీరు పీకేస్తే రేపెవరైనా దాచాడంటారు. నేను ఫోటో తీసి ఆఫీసులో రాసిస్తాను. వాళ్లొచ్చి వాళ్ల ఎదురుగా తీయిస్తారు. అదే మీకు మంచిది. అంతవరకూ ముట్టుకోవద్దు.”

“మీరు సెప్తే సరే” అని చెయ్యి తీసేశాడు.

మర్నాడు ఫోటో చూపిస్తే మా ఆఫీసర్ గారికి కోపం వచ్చింది. “డెమో ప్లాట్‌లో గంజాయి అని రాస్తే స్కీము పరువేం కావాలి? క్రిస్మస్ ముందు పైనుంచి చూసేవాళ్లు వస్తున్నారు. ఇప్పుడేం రాయకు, తర్వాత చూద్దాం” అన్నారు. నేను రాయలేదు. పోనీ, పీకేయమని సోమన్నకు చెప్పాలి కదా. ఆ గూడెంలో ఫోను పలకదు. స్వయంగా వెళ్లాలి. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకున్నాను. పది రోజులు గడిచాయి. ఇందులో ఎవరి తప్పు ఎంతో నేను చాలాసార్లు బేరీజు వేసుకున్నాను. ఆ పది రోజులు మాత్రం పూర్తిగా నావే.

పదకొండో రోజున గంజాయి వెతుకుతూ కొండల మీద పోలీసు డ్రోన్లు తిరిగాయి. మధ్యాహ్నానికి పోలీసులు వెళ్లి మొక్కలు పీకి, సోమన్నను కిందికి తీసుకొచ్చారు. “మేడమే ఉంచమన్నాది” అని ఆయన మొదటి నుంచీ ఒకటే మాట చెప్పాడట. స్టేషన్ నుంచి నాకు కబురొచ్చింది. మా ఆఫీసర్ గారు కూడా వచ్చారు. జీపులో ఆయన నెమ్మదిగానే మాట్లాడారు.

“కాగితం మీద ఏమీ లేదు. ‘ఉంచమన్నాను’ అని నువ్వంటే, తెలిసీ చెప్పలేదని నీ మీదా కేసవుతుంది. ఇద్దరు పిల్లల తల్లివి. ఆలోచించుకో.”

జీపు దిగేలోపు ఫోన్‌లోంచి ఆ ఫోటో తీసేశాను.

ఇన్‌స్పెక్టర్ గారు మర్యాదగానే అడిగారు. “ఈ మొక్కలు ఉంచమని మీరు చెప్పారా అమ్మా?”

గోడ పక్క బల్ల మీద సోమన్న కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే ఆయన మొహం తేటపడింది. అది నాకు కనిపించింది.

“నాకు గుర్తు లేదండీ” అన్నాను. ఆ మాట రాసుకున్నారు.

సోమన్న తల దించుకున్నాడు. బయట మెట్ల దగ్గర చిలకమ్మ నా కొంగు పట్టుకుంది. “సెప్పీసినారా మేడమ్? బేగి ఒగ్గేత్తారా?” అని అడిగింది. కొంగు విడిపించుకుని జీపెక్కాను.

క్రిస్మస్ ముందు రోజు పైకి వెళ్లాను. తోటంతా విరగబూసి ఉంది. కోసేవాళ్లు లేరు. చిలకమ్మ జైలుకీ వకీలు ఇంటికీ తిరుగుతోంది. పోలీసులు తొక్కిన పొలంలో పువ్వు మాకొద్దని పూల బేరగాళ్లు అన్నారట. మంచుకు తడిసి, కింది పూలు చెట్టు మీదే కుళ్లుతున్నాయి. పక్కింటి ముసలమ్మ నన్ను చూసి గుమ్మంలోంచి లేవను కూడా లేదు.

“మీ మాట ఇన్నోడొక్కడే జైలుకెల్లాడు. ఇనకుండా లోపలడివిలో ఏసుకున్నోలు ఇల్లల్లోనే ఉన్నారు” అంది.

తర్వాతి యేడు ఆ ఊళ్లో ఒక్కరు కూడా నారు తీసుకోలేదు. చిలకమ్మ ఇంటికి తాళం వేసి జీడిపిక్కల పనికి కిందికి వెళ్లిపోయింది. నేను నర్సీపట్నంలో సోమన్న వకీలు గారిని కలిసి జరిగిందంతా చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టేశారు.

“ఫోటో ఉందా?”

“తీసేశాను.”

“రిపోర్టు?”

“రాయలేదు.”

“గుర్తు లేదని అప్పుడు మీరే చెప్పారు. ఇప్పుడు గుర్తొచ్చిందంటే అవతలి వకీలు ఒక్క ప్రశ్నతో తీసిపారేస్తాడమ్మా. అయినా రాసివ్వండి, కాదనను” అన్నారు.

రాసిచ్చాను. ఆఫీసు నుంచి మెమో వచ్చింది, బదిలీ అయింది. విత్తనం పంచిన పాత పేరు అడ్డొచ్చి సోమన్నకు బెయిలు మాత్రం రాలేదు.

ఏడాది దాటాక ఒక వాయిదాకి కోర్టుకు వెళ్లాను. వరండాలో ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య ఆయన నిలబడి ఉన్నాడు. సగం మనిషి అయిపోయాడు. దగ్గరికి వెళ్లాను. ఆయనే అడిగాడు.

“ఆ రోజు నిజంగానే మరిసిపోనారా మేడమ్, భయపడిపోనారా?”

“భయపడ్డాను.”

“భయమే అయ్యుంటాదనుకున్నాను. మరిసిపోయుంటే బాధయ్యేది” అన్నాడు. అంతలో లోపల పేరు పిలిచారు. వెళ్లిపోయాడు.

కేసు ఇంకా నడుస్తోంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు, రైతుల నమ్మకం ఎలా సంపాదించాలి మేడమ్ అని నన్ను అడుగుతుంటారు. అది కష్టం కాదని చెబుతాను. సోమన్న ఒక్క పూటలో నన్ను నమ్మాడు. ఈ కేసు నాకు నేర్పింది వేరు. నిజం చెప్పాల్సిన రోజు ఒక్కటే వచ్చింది, ఆ రోజు నేను చెప్పలేదు. ఆ తర్వాత రాసిచ్చిన కాగితాలన్నీ నా బరువు దించుకోవడానికి రాసుకున్నవే. అవి కూడా దించలేదు.