గాలానికి నా ఇడ్లీ

చిక్కడపల్లిలో మా ఇంట్లో నా ఇడ్లీకి మంచి పేరు లేదు. మినప్పప్పు ధర చూసి తగ్గించి వేస్తాను, అందుకని గట్టిగా వస్తాయి. మా కోడలు పైకి ఏమీ అనదు గానీ, ఒక్కటి తిని ఆకలి లేదంటుంది.

మొన్న చుట్టాలను చూసి తిరిగి వస్తుంటే, ఒక చిన్న రిజర్వాయరు దగ్గర కారు టైరు పంక్చరైంది. మా అబ్బాయి టైరు మారుస్తుంటే నేనూ కోడలూ కట్ట మీద కూర్చున్నాం. దారికని చేసిన ఇడ్లీలు సగానికి పైగా డబ్బాలోనే ఉన్నాయి. పక్కన ఒక పెద్దాయన గాలం వేస్తున్నాడు. ఆయన గుచ్చిన పిండిముద్ద నీళ్లలో పడగానే కరిగిపోతోంది.

"అక్కా, ఒక ఇడ్లీ ఇస్తవా?" అన్నాడు.

ఆకలేమో అని ఇచ్చాను. కొంచెం కొరికి, కళ్లు మూసుకుని నమిలాడు.

"నేను తినంది చేపకు పెట్టను. మా నాయన గట్లనే నేర్పిండు" అంటూ మిగతాది గాలానికి గుచ్చాడు. కోడలు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"తినే వస్తువు నీళ్లపాలు చేస్తావేమయ్యా?" అన్నాను కోపంగా.

"జర చూడక్కా. ఎంత నానినా విడుస్తలేదు. గిసొంటి గట్టి ఎర నాకెన్నడు దొరకలే."

నాలుగు ఇడ్లీలకు రెండు పెద్ద బొచ్చె చేపలు పడ్డాయి. ఎర ఇచ్చినవాళ్లకు వాటా ఇవ్వాలట, వద్దన్నా ఒకటి నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి పులుసు పెట్టి, అందులోకి ఆ ఇడ్లీలే వడ్డించాను. కోడలు మూడు తిని, "ఇంకా ఉన్నాయా అత్తయ్యా?" అంది.

"లేవమ్మా. మిగతావి చేపలు తినేశాయి" అన్నాను.