కుందేలు గేరు పడదు

మా మావయ్య దగ్గర ఏ ప్రశ్నకైనా ఒకటే జవాబు ఉండేది: "గేరు పడట్లేదోయ్." పెళ్ళికి భోజనాలయ్యాక వచ్చావేమంటే గేరు పడలేదు. గడ్డం గీసుకోలేదేమంటే గేరు పడలేదు. ఒకసారి పళ్ళ డాక్టరు నోరు ఇంకాస్త తెరవమంటే కూడా ఇదే మాట అన్నాడనీ, ఆ డాక్టరు కంగారుపడి దవడకి ఎక్స్‌రే తీయించాడనీ మా అత్తయ్య ఒట్టేసి చెబుతుంది.

ఈ మాట పుట్టింది వాళ్ళ బుల్లి ట్రాక్టరు మీద. అత్తయ్యకి కొండవాలులో మొక్కల నర్సరీ ఉంది. పైన మొక్కల షెడ్లు, కింద గేటు, గేటు పక్కన ఆఫీసు గది. నర్సరీ అత్తయ్యది, అరుపులు అత్తయ్యవి, ట్రాక్టరు ఒక్కటే మావయ్యది. ఆఫీసు గదిలో ఫోన్లెత్తి "బండి బయల్దేరిందండీ" అని అబద్ధం చెప్పడం నా ఉద్యోగం.

అది హైడ్రోస్టాటిక్ ట్రాక్టరట. పేరు చూసి భయపడక్కర్లేదు. పెడల్ ముందుకు నొక్కితే ముందుకీ, వెనక్కి నొక్కితే వెనక్కీ పోతుంది, లోపల నూనె ఒత్తిడే చక్రాలు తిప్పుతుంది. సీటు పక్కన ఒక లివర్ ఉంటుంది. దానికి రెండు బొమ్మలు. తాబేలు వైపు పెడితే బరువు లాగుతూ మెల్లగా నడుస్తుంది, కుందేలు వైపు పెడితే పరిగెడుతుంది. మావయ్య ట్రాక్టరు తాబేలుతోనే కాపురం పెట్టేసింది. పైషెడ్డులో మొగ్గతో బయల్దేరిన గులాబీ గేటు చేరేసరికి రేకులు రాల్చేది.

"నిన్న మీ బండిని ఒక నత్త దాటిపోయిందండీ, నా కళ్ళతో చూశాను," అంది అత్తయ్య ఒకరోజు.

"దానికి గేర్లు లేవుగా, అదృష్టవంతురాలు," అన్నాడు మావయ్య.

ఆ లివర్‌ని లొంగదీయడానికి రాని మొనగాడు లేడు. మొదట అత్తయ్య తమ్ముడొచ్చాడు. రోజూ కసరత్తు చేసి పెంచిన కండలన్నీ ఒక్కచోటికి తెచ్చి రెండు చేతులా లాగాడు. లివర్ కదల్లేదు గానీ అతనే జారి ఎరువు బస్తాల మీద పడ్డాడు. వెల్డింగ్ షాపాయన లివర్‌కి తొడిగి లాగుతానని బారెడు ఇనప గొట్టం తెచ్చాడు. మావయ్య లివర్‌ని కావలించుకుని, "బలవంతంగా వేసిన గేరు నిలవదండీ, అల్లుడి చేత బలవంతంగా తినిపించిన అన్నంలాంటిదే," అని గొట్టంతో సహా ఆయన్ని సాగనంపాడు. చివరికి అత్తయ్యే వంటింట్లోంచి నూనె తెచ్చి లివర్ మొదట్లో గుమ్మరించింది. గేరు మారలేదు. ఆ నూనె సీటుకి అంటుకుని, వారం పాటు మావయ్యే అటూ ఇటూ సుళువుగా మారాడు.

ఇందులో చిత్రం ఏమిటంటే, ఎవరొచ్చినా మావయ్య కాదనేవాడు కాదు. "రండి, మీరే చూద్దురుగాని," అని ఎంతో మర్యాదగా ట్రాక్టరుని తనే తెచ్చి పెట్టేవాడు. మొక్కలతో నిండిన ట్రాలీ వెనకాల తగిలించి, బండి ముక్కు కిందికి ఉండేలా, సరిగ్గా వాలు మధ్యలో ఆపేవాడు. అది మర్యాదే అనుకున్నాం.

ట్రాక్టరు ముందు ఎప్పుడూ అంటు తాత నడిచేవాడు. అంట్లు కట్టడంలో ఆయన చేతికి తిరుగులేదు. ఆయన కట్టిన కొమ్మ ఎండిపోవాలన్నా మొహమాటపడేది. మావయ్యకి పని నేర్పిందీ ఆయనే, అందుకే మావయ్యకి ఆయన గురువుగారు. బండికి ముందుండి, దారిలో రాళ్ళు తీస్తూ, "రా… రా… ఇటు రా," అని ట్రాక్టరుకి దారి చూపించడం ఆయన తనకి తానే ఇచ్చుకున్న ఉద్యోగం. మోకాలి ఆపరేషన్ అయ్యాక చేతికి కర్ర వచ్చింది, ఉద్యోగం మాత్రం పోలేదు. బండెక్కి కూర్చోమంటే ఆయనకి కోపం ముంచుకొచ్చేది.

"నేనేమన్నా పూలకుండీనా, బండెక్కడానికి? నా కాళ్ళు పనికిరావని చెప్పండి, ఇవాళే ఇంటికి పోయి మంచమెక్కుతాను!"

ఆ మాట వచ్చాక ఎవరూ మళ్ళీ అడిగేవారు కాదు.

ఇలా ఉండగా ఒక పెద్ద హోటల్ వాళ్ళు తోటకి కావలసిన మొక్కలన్నీ మా దగ్గరే అడిగారు. చీకటి పడేలోగా లారీ కదలాలి, లేకపోతే వేరే నర్సరీ చూసుకుంటామన్నారు. అత్తయ్య పొద్దున్నే తాడో పేడో తేల్చేసింది.

"ఇవాళ కంపెనీ మెకానిక్ వస్తున్నారు. గేరు పడిందా, సరే. పడలేదా, ఈ ట్రాక్టరు అమ్మేసి కొత్తదీ, దానితోపాటు ఒక డ్రైవర్నీ తెస్తాను. మీరు ఇంట్లో కూర్చుని మీకిష్టమైన గేరులో నిద్రపోదురుగాని."

మావయ్య మొహం మాడిపోయింది. ఆయనకి ఆ సీటు మీద ఉన్న ప్రేమ అందరికీ తెలుసు. జీవితంలో మొదటిసారి, గేరు పడట్లేదని కూడా అనలేకపోయాడు.

మెకానిక్ అంటే మేము మీసాలు ఊహించుకున్నాం. వచ్చింది ఒకమ్మాయి. మావయ్య అలవాటు ప్రకారం వాలు మధ్యలో బండి ఆపి, "రామ్మా, నువ్వే చూడు," అన్నాడు. ఆమె లివర్ ముట్టుకోలేదు. వంగి దాని చుట్టూ చూసి, తలెత్తి మావయ్యని చూసింది.

"బాబాయ్ గారూ, ఎప్పుడూ ఇక్కడే ఆపుతారా? బ్రేకు కూడా వెయ్యకుండా?"

"అలవాటమ్మా," అన్నాడు మావయ్య, దగ్గు రాకపోయినా దగ్గుతూ.

ఆమె సీటెక్కి బండిని ఆఫీసు ముందు చదును నేల మీదికి తెచ్చింది. పూర్తిగా ఆపి, పెడల్ మీద కాలు తీసేసి, బ్రేకు వేసింది. లివర్ కొంచెం కదిలి ఆగింది. బ్రేకు వదిలి పెడల్‌ని ఒక్క రవ్వ తాకి వదిలి, మళ్ళీ రెండు వేళ్ళతో లివర్ తోసింది. వెన్నలో కత్తి దిగినట్టు కుందేలులోకి పోయింది.

"వాలులో బ్రేకు లేకుండా ఆపితే బండి బరువూ, ట్రాలీ బరువూ గేరు పళ్ళ మీదే పడుతుందండీ," అంది అత్తయ్యతో. "అప్పుడు ఏనుగొచ్చి లాగినా లివర్ రాదు. చదునులో ఆపి బరువు తీసేస్తే వస్తుంది. పళ్ళు ఎదురెదురుగా ఉండి అడ్డుకుంటే పెడల్‌ని కాస్త తాకితే చాలు, సర్దుకుంటాయి. బాబాయ్ గారికి ఇవన్నీ తెలుసు."

"ఈయనకా! నీకెవరు చెప్పారు?"

"ఇదిగో, కుందేలు వైపు రంగంతా అరిగిపోయి ఇనుము మెరుస్తోంది. రోజూ వేస్తేనే ఇలా అరుగుతుంది."

అప్పుడు వెలిగింది నాకు. మధ్యాహ్నం మేము భోంచేసే వేళ, అంటు తాత షెడ్డులో కునుకు తీసే వేళ, దారంతా దుమ్ము లేచేది. గాలి అనుకునేవాళ్ళం. సాయంత్రానికి పని ఎలా పూర్తవుతోందని ఒక్కరమూ అడగలేదు.

"ఏవండీ!" అంది అత్తయ్య. కొండ అవతల పిట్టలు లేచాయి. "ఇన్నాళ్ళూ నాతో నాటకాలా? అందరి చేతా లాగించారు, నా నూనె పోయించారు…"

ఇంతలో పైనుంచి కర్ర చప్పుడు వినిపించింది. అంటు తాత ఒక్కొక్క అడుగే వేసుకుంటూ దిగి వచ్చాడు.

"ఏమిటమ్మా గొడవ? గేరు పడిందా?"

పొద్దున అత్తయ్య అమ్మేస్తానన్న మాట ఆయన చెవిన కూడా పడినట్టుంది.

"పడకపోతే పోనీవే తల్లీ, దాన్ని మాత్రం అమ్మకు," అన్నాడు తాత. "నేను మునుపట్లా చకచకా నడిస్తే అది అందుకోలేక సిగ్గుపడుతుందని, దానికోసం నేనే నడక తగ్గించాను. నేను ముందున్నంత కాలం ఎలాగో లాక్కొస్తుందిలే, పాపం!"

అత్తయ్య మావయ్యని చూసింది. మావయ్య తన చెప్పుల్ని చూసుకున్నాడు. తాత మోకాలి ఆపరేషనూ, ట్రాక్టరుకి గేరు పట్టెయ్యడమూ ఒకే నెలలో జరిగాయని నాకూ అప్పుడే గుర్తొచ్చింది. మా మావయ్య మీద నాకు ఎంత ప్రేమ పొంగిందంటే, ఆ నూనె సీటుతో సహా ముద్దు పెట్టుకోవాలనిపించింది.

మెకానిక్ అమ్మాయి అందరికంటే చురుకు. చప్పుడు కాకుండా లివర్‌ని తాబేలులోకి తోసేసి, "పడలేదండీ తాతగారూ, ఇది బాగయ్యే రకం కాదు," అంది.

"నాకు తెలుసు," అన్నాడు తాత తృప్తిగా.

అత్తయ్య గొంతు సవరించుకుంది. "అయితే తాతా, ఇవాళ మీరు లారీ దగ్గర కూర్చోవాలి. ఎవరెవరో కడుతున్నారు అంట్లు, మీరు చూసి సరేననందే ఒక్క మొక్క లారీ ఎక్కదు. ఆఖరి ట్రాలీకి మాత్రం మీరే ముందుండి దారి చూపించాలి."

లారీ పక్కన కుర్చీ వేశాం, వీపు కొండవైపు ఉండేలా. ఆ మధ్యాహ్నం మా మావయ్య కుందేలులో ఎగిరెగిరి తోలుతుంటే మొక్కలకే కళ్ళు తిరిగాయి.

"బండి తొందరతొందరగా వస్తున్నట్టుందే?" అన్నాడు తాత ఒకసారి.

"మీరు మొక్కల్లో మునిగిపోయారు తాతా, పొద్దు తెలియట్లేదు," అన్నాను. అబద్ధాలు నా వృత్తే కదా.

ట్రాలీ నింపే దగ్గర అత్తయ్య మావయ్యని నిలదీసింది. "నాతోనన్నా చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వు తిట్టడం మానేస్తావు," అన్నాడు మావయ్య. "నువ్వు తిట్టకపోతే గురువుగారికి అనుమానం రాదూ?"

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి మా అత్తయ్య. ఆ రోజు మాత్రం వాదించలేదు. ఆ వెంటనే, కింద గేటు దాకా వినబడేలా మావయ్యని మునుపటికంటే గట్టిగా తిట్టింది.

చీకటి పడబోతుండగా, ఆఖరి ట్రాలీ తాబేలులో బయల్దేరింది. ముందు కర్ర టకటకలాడిస్తూ అంటు తాత, "రా… రా… తొందరలేదు," అంటున్నాడు. వెనకాల చేతులు కట్టుకున్న శిష్యుడిలా మా మావయ్య. ఆఫీసులో ఫోను మోగింది. హోటల్ వాళ్ళే, నా ఇందాకటి అబద్ధం పట్టుకుని.

"అన్నీ ఎక్కాయన్నారుగా, ఇంకా ఎందుకండీ ఆలస్యం?"

బండి బయల్దేరిందనబోయాను. అత్తయ్య నా చేతిలోంచి ఫోను లాక్కుంది. వాలు మీద ఆ ఇద్దరినీ కాసేపు చూసి, ఎంతో గంభీరంగా చెప్పింది:

"ఒక్క ట్రాలీ ఉందండీ, వచ్చేస్తోంది. ఏం చెయ్యమంటారు, మాకు గేరు పడట్లేదు."