ముసుగు సిపాయిలూ మా బాపు కాలూ

ఒక్క బొమ్మ ఉన్న డబ్బాకూ పది బొమ్మలున్న డబ్బాకూ ధర ఒకటే అయితే ఏ తల్లైనా ఏది కొంటుంది? నేనూ అదే కొన్నాను. వరంగల్ చౌరస్తాలో, మాడు పగిలే ఎండలో, చేతిలో కూరగాయల సంచితో బొమ్మల దుకాణం ముందు నిలబడి అంతకంటే ఏం ఆలోచిస్తాం? పరీక్షలు అయిపోయాయి కాబట్టి మిలిటరీ బొమ్మ కొనివ్వాల్సిందేనని మా బిడ్డ నా ప్రాణం తీస్తోంది. క్లాసులో అందరి దగ్గరా ఉన్నాయట. దుకాణాయన రెండు డబ్బాలూ ముందు పెట్టి, "ఇది తీస్కో అక్కా, పది పీసులొస్తయ్, పిల్ల ఖుష్ అయితది" అన్నాడు. పదిమందీ ఒకే తీరు. నీలం డ్రెస్సు, నెత్తిన నల్ల హెల్మెట్టు, కళ్ళ కింది నుంచి మెడ దాకా ముసుగు, చేతిలో తుపాకీ. పోలీసులే అనుకున్నాను. నేను పోలీసు బిడ్డను, యూనిఫారం వేసుకున్న ప్రతివాడూ నాకు అలాగే కనబడతాడు.

డబ్బా విప్పగానే మా బిడ్డ ఇల్లు పీకి పందిరేసింది.

"ఇవి విలన్ మనుషులు మమ్మీ! వీళ్ళకు పేర్లు గూడ ఉండయ్! నేనడిగింది కమాండర్‌ని!"

"పది మందిని తెచ్చిన కదే!"

"పది మంది చచ్చేటోళ్ళనే తెచ్చినవ్!"

విప్పిన డబ్బా వాపసు తీసుకోనన్నాడు దుకాణాయన. ఎలాగూ పుట్టినరోజుకు వాళ్ళ మేనమామ ఇచ్చిన హీరో ఒకడు ఇంట్లో ఉన్నాడు కాబట్టి ఏడుపు ఆగింది. ఆ రోజు నుంచి యుద్ధం మొదలైంది. యుద్ధమంటే ఏముంది, హీరో ఒక్కసారి చెయ్యి ఊపుతాడు, పదిమందీ పడిపోతారు. పడ్డవాళ్ళు పడ్డచోటే ఉంటారు. తలుపు సందులో ఒకడు, సోఫా కింద ఒకడు, బాత్రూం గడప మీద ఒకడు. పొద్దున్నే ఇల్లు ఊడుస్తుంటే అరికాల్లో తుపాకీ దిగింది నాకు. అగ్గిపుల్లంత తుపాకీ, నొప్పి మాత్రం నిజం తుపాకీదే. చీపురు విసిరేసి అరిచాను. ఒక్కరూ చెవినేసుకోలేదు.

ఇక మా బాపు సంగతి. అమ్మ పోయిన తర్వాత హసన్‌పర్తిలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. ఆ సర్వీసంతా నిలబడే చేశాడు. మంత్రి వస్తే రోడ్డు పక్కన, జాతర అయితే తాడు పక్కన, ఎలక్షన్లయితే పెట్టె పక్కన. నిలబడీ నిలబడీ కాళ్ళ నరాలు ఉబ్బి మెలికలు తిరిగాయి. ఎడమ చీలమండ పైన పుండు పడింది, మానదు. హనుమకొండలో దవాఖానకు తీసుకుపోతే డాక్టరు కట్టు ఎలా కట్టాలో చూపించి, "నిలవడుడు బంద్ చెయ్యాలె పెద్దాయనా. కాలు దిండ్ల మీద ఎత్తి పెట్టుకొని పండుకోవాలె. పుండు లోపటికి పోయిందంటే కాలు ఉంచుడు నా చేతిల ఉండది" అని ముఖం మీదే చెప్పేశాడు.

బాపు బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చి నేను చెప్పులు విడిచేలోపు పోయి గేటు దగ్గర నిలబడ్డాడు.

ఎలా నిలబడతాడనుకున్నారు? కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు వెనక్కి కట్టి, రోడ్డు వైపు చూస్తూ. వచ్చేదెవరు, పొయ్యేదెవరు, ఏమీ లేదు. పాల బండి, స్కూటీలు, కాలేజీ పిల్లలు. "ఎవరి కోసం నిలబడ్డవ్ బాపు?" అంటే "ఊకెనే" అంటాడు. "జర కూసోరాదు!" అంటే "కూసుంట తియ్" అంటాడు. కూర్చోడు. గేటు దగ్గర కుర్చీ వేశాను. కుర్చీ మీద తువ్వాల ఆరేసి దాని పక్కన నిలబడ్డాడు. గేటుకు తాళం వేశాను. తాళం లోపల నిలబడ్డాడు. టీవీ పెట్టాను. టీవీ కూడా నిలబడే చూశాడు. మా ఆయన విత్తనాల పని మీద ఊళ్ళు తిరిగే మనిషి, ఫోనులో చెబితే నవ్వుతాడు. నవ్వడానికేం, కట్టు మార్చేది ఆయన కాదు కదా.

నేను సుబేదారిలో ఆఫీసుకు పోవాలి. ఎండాకాలం సెలవులు, ఇంట్లో మనవరాలూ తాతా ఇద్దరే. మధ్యాహ్నం ఫోను చేసి "తాత ఏం చేస్తాండే?" అంటే "గేటు కాడున్నడు" అని చెప్పేది. "కూసోమని చెప్పవే!" అని నేను ఫోనులో గొంతు చించుకుంటే ఆఫీసంతా తలలు తిప్పి నన్ను చూసేది. అదొక్కటే తక్కువైంది నా బతుక్కు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నేను ఇంట్లో అడుగు పెట్టగానే అది ఏడుస్తూ ఎదురొచ్చింది.

"మమ్మీ, తాతను ఆటకు పిలిస్తే చావనిస్తలేడు!"

"ఎవర్నే?"

"విలన్ మనుషుల్ని! తాతకు వాళ్ళనే ఇచ్చిన. హీరో కొట్టినా ఒక్కడు గూడ పడ్తలేడు!"

లోపల బాపు పదిమందినీ వరుసగా నిలబెట్టి, ముఖం సీరియస్‌గా పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి నాకే ఫిర్యాదు.

"ఏం ఆటనే ఇది? ఒక్కడొచ్చి చెయ్యి ఊపితె పది మంది ఎట్ల పడ్తరు? వీళ్ళను ఈడ ఎవలు ఏసిండ్రు? ఎవరి పాయింట్ ఎక్కడ?"

"వాళ్ళు చెడ్డోళ్ళు తాతా!"

"చెడ్డోడు వీళ్ళ పైనున్నోడు. వీడేం జేసిండు బిడ్డా? నిలవడుమంటె నిలబడ్డడు. అన్నం తిన్నడో లేదో అడిగినవా?"

విలన్ మనిషి అన్నం తిన్నాడా అని అడగాలట! నేను నెత్తి కొట్టుకున్నాను. కానీ మా బిడ్డ ఏడుపు ఆపి, వరుసలోంచి ఒకణ్ణి చేతిలోకి తీసుకుని ముసుగు వైపు చూసింది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది, ఈ ఇద్దరూ కలిశారంటే నా పని అయిపోయినట్టేనని.

మర్నాటి నుంచి చచ్చేవాళ్ళు లేరు. అందరికీ డ్యూటీలు పడ్డాయి. ఫ్రిజ్ మీద ఒకడు, కిటికీలో ఒకడు, బియ్యం డబ్బా మూత మీద ఒకడు, నల్లా దగ్గర ఒకడు. ఎవడినీ కదిలించడానికి వీల్లేదు. బియ్యం తీసుకుందామని ఆ ఒక్కడినీ పక్కన పెడితే బాపు వెనకాలే వచ్చి, "ఎవలనడిగి తీసినవ్? రిలీవర్ రాకుండ పాయింట్ ఇడువద్దు" అన్నాడు. పాయింట్ అంటే డ్యూటీలో నిలబడాల్సిన చోటు, రిలీవర్ అంటే డ్యూటీ మార్చుకోవడానికి వచ్చే మనిషి. నా వంటింట్లో నేను బియ్యం తీసుకోవడానికి ప్లాస్టిక్ బొమ్మకు రిలీవర్ రావాలి! హీరో మాత్రం షోకేసులో హాయిగా కూర్చున్నాడు, అతనికి ఏ పనీ లేదు.

అంతటితో అయినా బాగుండేది. పాయింట్లు పెట్టాక చెకింగు ఉండాలి కదా. బాపు గేటు దగ్గర నిలబడటమే కాక, గంటకోసారి ఇల్లంతా తిరగడం మొదలుపెట్టాడు. ఒకరోజు సాయంత్రం కట్టు విప్పితే బ్యాండేజీ తడిసి ముద్దయింది. కట్లతో కాస్త ఆరిన పుండు మళ్ళీ నోరు తెరిచింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫ్రిజ్ మీది వాణ్ణీ, కిటికీలో వాణ్ణీ, దొరికిన వాణ్ణల్లా లాగి డబ్బాలో పడేశాను. "అటక మీదికి ఎక్కిస్త అందర్ని! కాలు తీసేస్తె ఎవరు మోస్తరు నిన్ను? డ్యూటీ అయిపోయి ఏండ్లయింది కద బాపు! నిన్ను ఎవరు నిలవడుమంటాండ్రు?" అని వీధి వినేలా అరిచాను.

బాపు నా వైపు చూడలేదు. కాలి వైపు చూసుకుంటూ అన్నాడు.

"పొమ్మని గూడ ఎవలనలే బిడ్డా."

తర్వాత తనే చెప్పాడు. ఎప్పుడో ఒక జాతర బందోబస్తులో, బండ్లు మళ్ళే మూల మీద వేశారట. రిలీవర్ వస్తాడు, అప్పటిదాకా కదలొద్దు అన్నారట. రిలీవర్ రాలేదు. జనం పోయారు, దుకాణాలు విప్పేశారు, తడకలు పీకేశారు, బాపు నిలబడే ఉన్నాడు. తెల్లారి అటు పోతున్న బస్సు డ్రైవరు ఆపి, "ఇంక ఎవలున్నరని నిలబడ్డవన్నా, మీ పోలీసులంత నిన్ననే పోయిండ్రు" అని చెబితే అప్పుడు కదిలాడట. ఆ ఆఫీసరుకు ఆ మూల మీద ఒక మనిషిని వేసినట్టే గుర్తు లేదు.

ఆ జాతర నాకు గుర్తే. బాపు డ్యూటీ దిగి వచ్చి మమ్మల్ని తీసుకుపోతానన్నాడు. నేను కొత్త గౌను వేసుకుని గడప మీద కూర్చున్నాను. రోడ్డు మీద బూట్ల చప్పుడైన ప్రతిసారీ అమ్మ వంటింట్లోంచి "వచ్చిండా?" అని అడిగేది. "రాలే" అని చెప్పేదాన్ని. ఆ ఒక్కనాడే కాదు, పండగలన్నీ అంతే, "వచ్చిండా?", "రాలే". ఆయన మీద నాకున్న కోపంలో సగం ఆ గడప మీదే పుట్టింది, ఇప్పటికీ పోలేదు. ఎక్కడో బాగానే తిని, మమ్మల్ని మరిచిపోయాడనుకునేదాన్ని. ఖాళీ మూల మీద నిలబడి ఉన్నాడని నాకెవరు చెప్పారు?

కొత్త కట్టు తెచ్చి కట్టాను. డబ్బాను అటక ఎక్కించలేదు. మా బిడ్డ ఒక సిపాయిని చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటు దగ్గర బాపు లేడు. పడిపోయాడా, దవాఖానకు తీసుకుపోయారా, నాకు ఫోనైనా రాలేదేంటి అనుకుంటూ గేటు తోశాను. చూద్దును కదా, గేటు దిమ్మె మీద ముసుగు సిపాయి ఒకడు కాళ్ళు ఎడంగా పెట్టి రోడ్డు వైపు చూస్తున్నాడు. గాలికి పడకుండా నా కుట్టు మిషను దారంతో కట్టేసి ఉన్నాడు.

లోపల బాపు మంచం మీద ఉన్నాడు. కాలు రెండు దిండ్ల మీద, డాక్టరు ఎలా చెప్పాడో సరిగ్గా అలాగే.

"రిలీవర్ వచ్చిండు మమ్మీ," అన్నది మా బిడ్డ. నడుముకు తాత బెల్టు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. "నేను ఆఫీసర్‌ని. నేనే పంపిన."

నేను బాపు వైపు చూశాను. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

"ఆఫీసర్ మాట ఇనాలె కద" అన్నాడు.

నేను ఎన్ని దండాలు పెట్టినా, ఎంత మొత్తుకున్నా కూర్చోని మనిషి ఒక ప్లాస్టిక్ బొమ్మ వచ్చిందని పడుకున్నాడు! సంతోషపడాలో గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు. ఏదైతేనేం, పడుకున్నాడు. ఆ రోజు నుంచి గేటు డ్యూటీ సిపాయిలది. పూటకొకడు మారతాడు. దిగినవాడి మోకాళ్ళు మడిచి, నా జాకెట్టు గుడ్డ పరిచిన చెప్పుల డబ్బాలో కూర్చోబెడతారు. మోకాళ్ళు మడతపడే బొమ్మలని బాపుకు అవంటే మహా ఇష్టం. "వీళ్ళకు కూసునే రాత ఉన్నది" అంటాడు. పది పీసుల డబ్బా కొన్నందుకు ఇంట్లో నన్ను మొదటిసారి మెచ్చుకున్నారు. ఒక్క కమాండర్‌ను తెచ్చి ఉంటే డ్యూటీలకు ఎవడు సరిపోయేవాడు?

పుండు అంచులు దగ్గరపడ్డాయి. డాక్టరు చూసి, "ఇట్లనే పండుకోవాలె, కాలుకు ఫికర్ లేదిగ" అన్నాడు. ఇంతలో బడి తెరిచారు.

బడి తెరిచిన మొదటి రోజే ఆఫీసరమ్మ డ్యూటీ మార్చడం మరిచిపోయింది. సాయంత్రం నేను బస్సు దిగి, భుజాన బ్యాగు, చేతిలో కూర సంచి, తల పగిలిపోతుంటే ఇంట్లోకి వచ్చాను. బాపు మంచం మీదే ఉన్నాడు గానీ ఒక చేత్తో మంచం పట్టె పట్టుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. ఒక కాలు కిందికి దిగనే దిగింది.

"బిడ్డా, ఆ పోరడు పొద్దటి సంది నిలబడ్డడు. అన్నం లేదు, నీళ్ళు లేవు. ఎవలన్న పోయి ఇడిపించుండ్రి."

"అది బొమ్మ బాపు!" అందామని నోటి దాకా వచ్చింది. సంచి కింద పడేసి, విసుక్కుంటూనే బయటికి పోయాను. వాన మొదలైంది. సిపాయి ముసుగు మీది నుంచి నీళ్ళు కారుతున్నాయి. దారం ముడి తడిసి ఊడి రాదు, చివరికి పంటితో కొరికి తెంపాను. పక్కన కొత్తవాణ్ణి నిలబెట్టి, వీణ్ణి పైట కొంగుతో తుడిచాను. లోపలికి వచ్చి మోకాళ్ళు మడిచి డబ్బాలో కూర్చోబెట్టాను. వంటింట్లోకి పోయి గిన్నెలో బియ్యం పోస్తున్నాను.

మంచం మీది నుంచి బాపు గొంతు.

"వచ్చిండా?"

"వచ్చిండు బాపు" అన్నాను.