పౌరుణ్ణి కానని రుజువు

ఇప్పటివరకూ నా మొర ఎవరూ వినలేదు. కౌంటీ ఎన్నికల ఆఫీసుకి ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఫోన్ చేస్తే కాసేపు పియానో వినిపించి లైన్ తెగిపోయేది. నేను కాలమ్ రాసే తెలుగు వెబ్ పత్రిక సంపాదకుడికి చెబితే, “ఇలాంటివాటి మీద మన పాఠకులకి ఆసక్తి ఉండదండీ” అన్నాడు. అంతకుముందు ఏడాది నా పేరులో అక్షరం తప్పు వేసి, సవరణ వేస్తానని వేయనిది ఈయనే. ఆయన మరిచిపోయి ఉంటాడు. నేను మరిచిపోలేదు.

మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. ఎమ్మెస్ చదవడానికి అమెరికా వచ్చి, ఉద్యోగంలో చేరి, ఏళ్లకు ఏళ్లు ఎదురుచూసి గ్రీన్ కార్డు తెచ్చుకున్నాను. దానితో ఇక్కడ ఉండొచ్చు, ఓటు మాత్రం ఉండదు. ఈ దేశంలో నాకు మింగుడుపడనిది, ఇక్కడివాళ్లు దేవుడి పేరెత్తడానికి సిగ్గుపడటం. మా ఆఫీసు లాబీలో డిసెంబరులో పెట్టే చెట్టును హాలిడే ట్రీ అనాలట. పుట్టినవాడి పేరు చెప్పకుండా పుట్టినరోజు చేయడం వీళ్ల దగ్గరే నేర్చుకోవాలి. ఆదివారం మేం వెళ్లే ఇంగ్లీషు చర్చిలో పాపం అన్న మాట వినపడి చాలాకాలమైంది, కాఫీ మాత్రం రకరకాలు దొరుకుతుంది. నా కాలమ్‌లో ఇవే రాసేవాణ్ణి. కొందరు నవ్వేవారు, కొందరు పలకరించడం మానేశారు.

ఒకసారి ఓటు గురించి రాశాను. జలుబు మాత్రలు కొనాలంటే ఫార్మసీలో డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. మా అమ్మాయికి మరిచిపోయిన లంచ్ డబ్బా ఇవ్వడానికి స్కూలుకి వెళ్తే, ఐడీ స్కాన్ చేసి చొక్కాకి స్టిక్కర్ అంటిస్తారు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి మాత్రం మా రాష్ట్రంలో ఓటు కాగితం పోస్టులో ఇంటికే వస్తుంది, సంతకం పెట్టి పంపిస్తే చాలు. జలుబు మాత్రకున్న గౌరవం ఓటుకి లేదా, ఇలాగైతే పౌరులు కానివాళ్లూ ఓటేయరా అని అడిగాను. ఆ శుక్రవారం మా తెలుగు ప్రార్థన కూటంలో, భోజనాల దగ్గర, ఒక కుర్ర సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పదిమందిలో నన్ను నిలదీశాడు.

“అన్నయ్యా, మీరు కార్‌లో ఆ రాజకీయాల రేడియో వినడం తగ్గించండి. సిటిజన్ కానివాడికి ఓటు ఎలా వస్తుంది? ఒక్కణ్ణి చూపించండి, చాలు.”

అందరూ నవ్వారు. మా అయ్యగారు కూడా, పాస్టరై ఉండి, గారె తుంచుకుంటూ నవ్వారు.

తరువాత మేం ఇల్లు మారాం. లైసెన్సు మీద అడ్రసు మార్పించుకోవడానికి వెళ్లాను. కౌంటర్ల దగ్గర మనవాళ్లకి ఒక అలవాటుంది. చదువుకోవడానికి దిగిన మొదటి వారంలోనే అది అంటుకుంటుంది. అవతలివాళ్లు గబగబా ఏదో అడుగుతారు. ఒకసారి ‘సారీ?’ అంటాం. మళ్లీ అర్థం కాకపోతే, ఇంకోసారి అడగడం నామోషీ అనిపించి, నవ్వి ‘యెస్’ అంటాం. నేను అలాగే ఎప్పుడో అవయవదానానికి ఒప్పుకున్నాను. లైసెన్సు మీద ఎర్రటి గుండె బొమ్మ చూశాక గానీ నా కిడ్నీలు రాసిచ్చేశానని తెలియలేదు. ఆ రోజు కౌంటర్లో ఆవిడ తెరవైపు చూస్తూ వరసగా అడిగింది, నేను వరసగా యెస్ అన్నాను. కానీ ఒకటి చెప్పాలి. ఆవిడ నోరు తెరవకముందే నా గ్రీన్ కార్డు తీసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ దాన్ని చూసింది. చూసి వేలితో పక్కకి జరిపింది. అందుకే ఇది నా తప్పంటే ఈ జన్మలో ఒప్పుకోను.

ఆ శరదృతువులో మా అమ్మాయి మెయిల్‌బాక్స్ దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చింది.

“నాన్నా, నీకు వోట్ వచ్చింది! నువ్వు సిటిజన్ అయ్యావా? మాకు చెప్పలేదు!”

కవరు మీద నా పేరు, ఈసారి అక్షరం తప్పు లేకుండా. ఇక్కడ లైసెన్సు కౌంటర్లోనే ఓటర్లని కూడా నమోదు చేస్తారు, నా యెస్‌లలో ఒకటి దానికి పడి ఉండాలి. అప్పటికే మా ఆవిడ కవరు చింపి లోపలి కాగితం తీసింది.

ఎమ్మెస్‌లో నా రూమ్మేట్ ఒకడు ఇప్పుడు ఫ్రీమాంట్‌లో ఉన్నాడు. వాడికి ఫోన్ చేశాను.

“ముట్టుకోకు మామా! సంతకం పెట్టావా?”

“లేదు.”

“ఓపెన్ చేశావా?”

“మీ చెల్లెలు చేసింది.”

“ఓరి దేవుడా. విను, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో అడుగుతారు, ఎప్పుడైనా ఓటరుగా రిజిస్టర్ అయ్యావా అని. యెస్ అన్నావనుకో, కేసు. నో అన్నావనుకో, ప్రమాణం చేసి అబద్ధం. మా టీమ్‌లో ఒకడి బావమరిదిని ఇలాగే డిపోర్ట్ చేశారంటున్నారు. నువ్వా మామా, దొంగ ఓట్ల మీద వ్యాసం రాసినవాడివి!”

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి నాకు ఈ ఇంట్లో ప్రతి వస్తువూ అద్దెకి తెచ్చినదానిలా కనిపించడం మొదలైంది. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. నన్ను పంపించేస్తే అది తెలుగులో అడ్రసు కూడా చదవలేని ఊళ్లో దిగాలి, లేదా నాన్న లేకుండా ఇక్కడ ఉండాలి. ఓటు కాగితం ఇంట్లో ఉంచితే దొంగసొత్తు దాచినట్టుంది, పారేస్తే సాక్ష్యం మాయం చేసినట్టుంది. మా ఆవిడ దాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టింది. బియ్యం తీసుకునేటప్పుడు కూడా నేను అటు చూసేవాణ్ణి కాదు. రోడ్డు మీద పోలీసు కారు వెనకొస్తే చేతులు స్టీరింగుకి అతుక్కుపోయేవి. రేడియో కట్టేశాను. కాలమ్ రాయడానికి కూర్చుంటే ఒక్క వాక్యం వచ్చేది కాదు.

చర్చి వాకిట్లో చేతులు కలిపి స్వాగతం చెప్పే అమెరికన్ పెద్దాయన ఒకరున్నారు. నియమం అంటే నియమమే అని ఈ దేశంలో నాకు నేర్పింది ఆయనే. సాయం చేస్తారనుకుని ఆయనకి సంగతి చెప్పాను. ఆయన నా భుజం మీద చరిచి, “మనమంతా ఒకవైపేగా! నీది మంచి ఓటు. వేసెయ్, దేవుడు క్షమిస్తాడు” అన్నారు. తెలుగు కూటంలో ప్రార్థన చేయమని అడిగితే, కుర్ర ఇంజనీరు చెవి దగ్గరికొచ్చి, “ఒక్కణ్ణి చూపించమన్నాను, మీరే వచ్చేశారా అన్నయ్యా!” అన్నాడు. తరువాత, “అయినా మీ ఒక్కరి కేసు. దీన్ని పట్టుకుని మళ్లీ వ్యాసం రాయకండి” అని సలహా కూడా ఇచ్చాడు. అటువాళ్లకి నా ఓటు కావాలి. ఇటువాళ్లకి నేను లేకుండా ఉండాలి. నేను భయపడుతున్నానని మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ వినపడలేదు.

మరుసటి ఎన్నికకి మళ్లీ కవరు వచ్చింది. అది వచ్చిన వారంలోనే, నేను పెట్టుకున్న దరఖాస్తుకి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ తేదీ కూడా వచ్చింది. మా ఆవిడ, “రాస్తే పలకరు. మీరే వెళ్లి ఎదురుగా నిలబడండి” అంది. కౌంటీ ఆఫీసులో నా వెనక పెద్ద వరస ఉంది. అంతమందిలో నేను పౌరుణ్ణి కానని చెప్పడమంటే నేరం ఒప్పుకోవడమే కదా. అద్దం అవతలి అమ్మాయికి ఓటర్ల జాబితాలోంచి నా పేరు తీసేయమని మెల్లగా చెప్పాను. ఆ అమ్మాయి పైకే అడిగింది.

“సర్, మీరు యూఎస్ సిటిజనేనా?”

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నాకు అర్థమయ్యేలా అడిగిన మొదటి మనిషి. ఈసారి నవ్వలేదు, యెస్ అనలేదు. “కాదు” అన్నాను.

“పేరు తీసేయాలంటే రుజువు కావాలి.”

లైసెన్సు ఇచ్చాను.

“మీరు మీరేనని ఇది చెబుతుంది సర్. మీరు సిటిజన్ కాదని చెప్పదు.”

గ్రీన్ కార్డు ఇచ్చాను.

“ఇది వచ్చాక మీరు సిటిజన్ అయ్యుండొచ్చు కదా? సూపర్‌వైజర్ మీకు కాల్ చేస్తారు. హ్యావ్ ఎ గుడ్ వన్!”

పేరు చేర్చడానికి ఎవరూ ఏ రుజువూ అడగలేదు. తీయడానికి మాత్రం లేని పౌరసత్వం లేదని నేనే రుజువు చేయాలి. పాత రోజుల్లోనైతే దీని మీద మంచి కాలమ్ రాసేవాణ్ణి. ఆ రోజు మాత్రం పార్కింగ్‌లో కారు కదిలించలేక, వైపర్లు తిరుగుతుంటే చూస్తూ కూర్చున్నాను.

సూపర్‌వైజర్ కాల్ చేయలేదు. ఇంటర్వ్యూ వచ్చే నెల. కుడి చెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాక ఒక అధికారి నన్ను ఆ ప్రశ్న అడుగుతాడు. నిజమే చెబుతాను, అబద్ధం ఆడే అలవాటు మా ఇంట్లో లేదు. కానీ ఆ నిజం ఎలా జరిగిందో చెప్పే కాగితం నా చేతిలో ఉండాలి. అది ఇవ్వాల్సింది మీరు. అయ్యా సూపర్‌వైజర్ గారూ, నన్ను చేర్చుకున్నది మీరు, నేను అడగలేదు. నా పేరు తీసేశారా, లేదా? ఎవరు చేర్చారో, ఎందుకు చేర్చారో సంతకం పెట్టి రాసివ్వండి. ఈసారి పియానో వద్దు. జవాబు చెప్పండి.