మాత్ర తాగించిన లాన్ ఆంటీ

మా చిన్నప్పుడు... మేం వలస వెళ్ళిన పరాయి దేశంలో, సన్నీబ్యాంక్ అనే ఊళ్ళో, మా ఇంట్లో చీకటి పడితే లైటు "వేసేవాళ్ళం". పక్కింట్లో లాన్ ఆంటీ వాళ్ళు లైటు "తెరిచేవాళ్ళు". ఆంటీది వియత్నాం, వాళ్ళ భాషలో అలాగే అంటారట. లైటు "ఆన్" అయ్యేది ఒక్క మా బడిలోనే.

అమ్మ ఇంగ్లీషులో కూడా లైటు వేసేది... "చిన్నీ, పుట్ ద లైట్" అని. ఆంటీ "ఓపెన్ ద లైట్" అనేది. నేను ఇద్దరినీ దిద్దేదాన్ని, పదేళ్ళ పంతులమ్మని. స్నేహితులు ఇంటికొస్తే అమ్మ నోరు తెరవకుండా ఉంటే బాగుండునని కోరుకున్న రోజులున్నాయి. రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ నిజం అదే.

ఆ ఏడాది ఇద్దరూ ముసలివాళ్ళని చూసుకునే ఏజ్డ్ కేర్ పని కోసం కోర్సులో చేరారు. లైబ్రరీ వెనక చిన్న హాల్లో క్లాసు. ఆంటీ అప్పటికి ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు తోమేది. సబ్బునీళ్ళకి చేతులు పగిలి నెత్తురొచ్చేది. సర్టిఫికెట్ వస్తే ఆ తొట్టి దగ్గర్నుంచి బయటపడొచ్చు. మొదటిసారి పరీక్ష ఇంగ్లీషు దగ్గరే తప్పింది. ఇక మిగిలింది ఒక్క అవకాశం...

వాళ్ళకి దాపురించిన గండం పేరు "టేక్". టీచరమ్మ కాగితం నిండా రాసిచ్చింది. బస్సెక్కడం టేక్, ఫోటో తీయడం టేక్, కుర్చీలో కూర్చోవడం టేక్. విమానం లేస్తే టేక్ ఆఫ్, చొక్కా విప్పినా టేక్ ఆఫే. మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇద్దరూ వల్లె వేసేవాళ్ళు.

"చొక్కాకి వేరే మాట పెట్టుకోలేకపోయారా, మాటలకేమన్నా కరువొచ్చిందా వీళ్ళకి" అని అమ్మ తెలుగులో విసుక్కునేది. ఆంటీకి తెలుగు రాదు... కానీ అమ్మ ఎవర్ని తిడుతోందో తెలిసి నవ్వేది.

అన్నీ వచ్చాయి ఆంటీకి, మందు దగ్గర తప్ప. వాళ్ళ భాషలో సిరప్ అయినా మాత్ర అయినా "తాగడమే". మనం మాత్ర "వేసుకుంటాం". ఇంగ్లీషువాళ్ళు దానికీ "టేక్" అంటారు. కాస్త కంగారు పడితే చాలు, ఆంటీ నోట్లోంచి "డ్రింక్ మెడిసిన్" అనే వచ్చేది.

పరీక్ష రోజు నాకు సెలవు కావడంతో అమ్మ వెంట తీసుకెళ్ళింది. పరీక్ష పెట్టేందుకు బయటినుంచి వచ్చిన మేడం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, భుజాల మీద శాలువా కప్పి, "నువ్వు ముసలమ్మవి, మందు వేసుకోవడం నీకు ఇష్టం లేదు" అని చెవిలో చెప్పింది. మాత్ర బదులు చిన్న పిప్పరమెంటు బిళ్ళ పెట్టారు.

ఆంటీ నా ముందు వంగింది. కాగితంలో ఉన్నట్టే చెప్పింది... "ప్లీజ్ టేక్ యువర్ టాబ్లెట్."

తీసుకున్నాను. తీసుకుని జేబులో వేసుకున్నాను. టేక్ అంటే తీసుకోవడమేగా మరి...

ఆంటీ ఒక్క క్షణం నా జేబు వైపు చూసింది. బిళ్ళ బయటికి తీసి నా అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించింది. "నో పాకెట్. డ్రింక్. ఐ వాచ్ యూ డ్రింక్." మింగేశాను. "ఓపెన్ మౌత్" అంది. తెరిచి చూపించాను. అప్పుడు గానీ గ్లాసు వెనక్కి తీసుకోలేదు.

మేడం తల అడ్డంగా ఊపింది. మాత్రకి డ్రింక్ అనకూడదని, టేక్ అనాలని చెప్పి, కాగితం మీద పెన్ను ఆనించింది. ఆంటీ తల దించుకుంది.

తర్వాత వంతు అమ్మది. నోరు మూసుకుని కూర్చుంటే తన పని తనకి అయిపోయేది. కానీ లేచి నిలబడింది.

"మేడం, మై హౌస్, వీ పుట్ టాబ్లెట్. హర్ హౌస్, డ్రింక్ టాబ్లెట్. యువర్ టేక్ వెంట్ టు పాకెట్."

నా చెవులు వేడెక్కాయి. అంతమంది ముందు "పుట్ టాబ్లెట్"... మేడం నా వైపు తిరిగి, "నీకు ఇంగ్లీషు బాగా వచ్చు కదా, వీళ్ళిద్దరూ చెప్పింది అర్థమయ్యేలా ఉందా, నువ్వే చెప్పు" అంది.

అమ్మని దిద్దడానికి అలవాటు పడ్డ నోరు నాది. ఎప్పటిలా దిద్దితే మేడం దృష్టిలో నేను తెలివైన పిల్లని. అమ్మ నా వైపు చూడలేదు. ఆంటీ మాత్రం ఆ పగిలిన చేతులతోనే నా భుజం మీద జారిపోతున్న శాలువా సరిచేస్తోంది.

"టేక్ అంటే జేబులో వేసుకున్నాను. డ్రింక్ అంటే మింగాను" అన్నాను. కాస్త ఆగి, "మా ఇంట్లో పుట్ అంటాం" అని కూడా చెప్పాను.

మేడం కాగితం దగ్గరికి లాక్కుంది. "మాత్ర లోపలికి వెళ్ళిందో లేదో చూసుకుంది కదా" అని తనలో తనే అనుకుంటున్నట్టు అని, టిక్కు పెట్టింది. ఆంటీ అదే నెలలో ఆ తొట్టి వదిలేసింది.

ఇప్పుడు నేను టూవూంబా అనే ఊళ్ళో నర్సుని. టేక్ అంటే అర్థం కాని పెద్దవాళ్ళకి డ్రింక్ అంటాను, మింగేదాకా అక్కడే నిలబడతాను. ఎవరైనా దిద్దబోతే దిద్దుకోనీ... నేను మార్చుకోను.

ఆ హాలు ఉన్నచోట ఇప్పుడు కార్లు పెట్టుకుంటున్నారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఫోన్లో ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. తప్పు చెబితే ఎర్రగా చూపిస్తుందంతే... పక్క కుర్చీలోంచి లేచి మీ తరఫున దెబ్బలాడే మనిషి అందులో ఉండదు.

నిన్న సాయంత్రం నేను "పుట్ ద లైట్" అంటే, నా కూతురు "ఇట్స్ టర్న్ ఆన్ ద లైట్, మమ్" అని నన్ను దిద్దింది. "లైటు వెయ్యి" అన్నాను తెలుగులో. వేసింది.

మీ ఇంట్లో మాత్ర వేసుకుంటారా, తాగుతారా, మింగుతారా... పదిమందిలో సిగ్గుపడి మీరు దాచేసిన ఇంటి మాట ఏదైనా ఉంటే కింద రాయండి. ఇక్కడ ఎవరూ దిద్దరు. దిద్దడానికొస్తే నేను లేచి నిలబడతాను.